అలసిపోనివ్వకండి

తలుపు అవతల నడక యంత్రం పట్టీ కదలడం మొదలైంది. మొదట గుర్రుమంది, తర్వాత గొంతు సవరించుకుని ఒకే శ్రుతిలో పడింది. ముప్పై మూడేళ్లుగా కుట్టు మిషను తొక్కుతున్న మనిషికి యంత్రాల గొంతు ఇట్టే తెలిసిపోతుంది. నూనె తక్కువైందో, బెల్టు వదులైందో, సూది వంగిందో చూడకుండానే చెప్పేస్తుంది. ఈ నడక యంత్రానికి ఏ రోగమూ లేదు, నిక్షేపంలా ఉంది. దాని మీద పడుతున్న అడుగులే సరిగ్గా లేవు. టప్, టప్, ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక, మళ్లీ ఒకటి తొందరగా. అది తన కూతురి నడక. పదిమంది నడుస్తున్నా అందులో ఏది తన పిల్లదో కళ్లు మూసుకుని చెప్పగలదు. పిల్ల అనడమే గానీ ఇరవై తొమ్మిదేళ్లు. మూడు నిమిషాలకొకసారి వేగమూ ఎత్తూ పెరుగుతాయని, ఎవరికైనా మొదటి మూడు నిమిషాలూ బజారుకెళ్లినట్టే ఉంటుందని, గుండె పరీక్షకి తీగలు అంటించే అమ్మాయి చెప్పి లోపలికి వెళ్లింది. “ఆంటీ, మీరు బయట కూర్చోండి, భయమేం లేదు” అని కూడా అంది. భయం లేదట. ఆ అమ్మాయికేం తెలుసు, తను భయం లేకుండా ఒక్క పూటైనా ఎలా గడపాలో మరిచిపోయి ఎన్నాళ్లయిందో.

ఆసుపత్రి నడవాలో కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉన్నాయి. ఆ చివర ఎవరో కాలు ఊపుతుంటే ఈ చివర తనూ ఊగుతోంది. గోడ మీద నిశ్శబ్దం పాటించమని రాసి ఉంది, దాని కిందే ఇద్దరు ఇంటి అద్దెల గురించి తీరికగా మాట్లాడుకుంటున్నారు. ఆమె ఒళ్లో కూతురి చేతిసంచీ, చెప్పులు, చున్నీ ఉన్నాయి. చున్నీ అంచు ఒకచోట విడిపోయింది. చూస్తే చేతులు ఊరుకోవు గానీ ఇప్పుడు సూది ఎక్కడిది? ఇప్పుడే, పది నిమిషాలు కాలేదు, పిల్ల లోపల ఛాతీకి తీగలు అంటించుకుంటుంటే డాక్టరు తనని పక్క గదిలోకి పిలిచాడు. కుర్రాడే, తన చిన్న తమ్ముడి ఈడుంటాడు. పిల్ల నింపిన కాగితం చూపించాడు. చిన్నప్పటినుంచి గుండె బలహీనం, అని రాసి ఉంది, పిల్ల చక్కని చేతిరాతలో. ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. పెద్ద నర్సమ్మ చెప్పింది బాబూ అంది. ఏమని? అలసిపోనివ్వకండి అని. ఎప్పుడు? పిల్లని మొదటిసారి ఇంటికి పంపిస్తూ, ఒళ్లో పెడుతూ. డాక్టరు కలం కింద పెట్టాడు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు.

“అది పాల గురించమ్మా. నెలలు నిండని పిల్లలు పాలు పీలుస్తూ పీలుస్తూనే అలిసిపోయి నిద్రపోతారు. కడుపు నిండదు, బరువు పెరగరు. అందుకని పాలు పట్టేటప్పుడు అలసిపోనివ్వద్దంటాం. ఇప్పటికీ రోజూ చెప్తాం ఆ మాట. అది మొదటి రెండు మూడు నెలల సంగతి.”

రెండు మూడు నెలల సంగతి. ఆమె ఇరవై తొమ్మిదేళ్లు మోసింది. అవును, ఇప్పుడు గుర్తొస్తోంది, నర్సమ్మ చేతిలో అప్పుడు చిన్న చెంచా ఉంది, చెంచా చూపిస్తూనే అంది, ముందేదో అంది, వెనకేదో అంది, పక్క మంచం మీద ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో బకెట్ ఈడ్చుకెళ్తున్నారు, ఈమెకి మధ్యలో మాట ఒక్కటే చెవిన పడింది. అలసిపోనివ్వకండి. నలభై ఒక్క రోజులు గాజుపెట్టె పక్కన నిలబడ్డ మనిషికి ఆ ఒక్క మాటే చాలు. పిల్ల పుట్టకముందే కుల్లా కుట్టకూడదంటారు గానీ ఈ పిల్ల కుల్లా కుట్టే వ్యవధి ఎక్కడిచ్చింది? ఏడో నెల నిండకుండానే, ఎవరో బస్సు వెళ్లిపోతుందన్నట్టు వచ్చేసింది. కిలో నూట యాభై గ్రాములు. వాళ్లాయన ఆ గాజులోంచి చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక, “ఎందుకమ్మా నీకింత తొందర?” అన్నాడు, అదే పేరైపోయింది, తొందరమ్మ. ఇంట్లో ఇప్పటికీ అదే పిలుపు. వెళ్లిపోవడానికీ తొందరపడుతుందేమోనని తల్లి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది. తీగలంత సన్నటి పక్కటెముకలు లేస్తూ పడుతూ, ఒక్కోసారి పడి మళ్లీ లేవకుండా ఉండిపోయేవి, నర్సు వచ్చి అరికాలి మీద వేలితో చిటికె వేస్తే ఉలిక్కిపడి మళ్లీ లేచేవి. అలా ఎన్నిసార్లో. ఊపిరి తీయడం మరిచిపోయిన బిడ్డని చూసిన తల్లికి, ఆ తర్వాత బిడ్డ గెంతుతుంటే చూసి సంతోషించడం ఎవరు నేర్పుతారు?

పట్టీ గొంతు పెరిగింది. రెండో మెట్టన్నమాట. అడుగులు దగ్గరయ్యాయి. లోపల ఎవరో “బాగుంది, బాగుంది, చేతులు వదలొద్దు” అంటున్నారు. ఆపెయ్యండి అని లేచి తలుపు కొట్టబోయింది, లేచింది కూడా, చెప్పులు ఒళ్లోంచి జారి కింద పడ్డాయి. వంగి తీసుకుని మళ్లీ కూర్చుంది. ఆఫీసులో ఏడాదికోసారి చేసే పరీక్షల్లో పిల్లకి బీపీ నూట అరవై దాటిందని, షుగరు గట్టు మీదుందని తేలబట్టి ఇక్కడిదాకా వచ్చారు గానీ, లేకపోతే వచ్చేవాళ్లా? ముందుగా పుట్టినవాళ్లకి పెద్దయ్యాక ఈ రెండూ మిగతావాళ్లకన్నా కాస్త ఎక్కువగా వస్తుంటాయట, డాక్టరు చెప్పాడు. అది మీ తప్పు కాదు అన్నాడు. ఆ మాట దగ్గర ఆగిపోయుంటే ఎంత బాగుండేది. “అందుకే వాళ్లు మిగతా పిల్లలకన్నా ఎక్కువ ఆడాలి, పరిగెత్తాలి” అన్నాడు. పరిగెత్తి ఉంటే ఇవి వచ్చేవి కావా బాబూ అని అడిగింది. “అలా ఎవరూ చెప్పలేరమ్మా. వచ్చినా ఇంత పిన్న వయసులో, ఇంత ఎక్కువగా రాకపోయేవేమో. చెప్పలేం.” చెప్పలేరట. ఎంత గుడ్డ పట్టిందో, ఎంత తరుగు పోయిందో జానెడు ముక్కకి కూడా లెక్క చెప్పగలదు తను. ఈ పిల్ల ఒంట్లో దేవుడు కోసింది ఎంత, తను కోసింది ఎంత, దానికి మాత్రం టేపు లేదు. పుట్టుక తన చేతిలో లేదు. మిగిలిందంతా తన చేతిలోనే ఉంది. “ఈ సంగతి అమ్మాయికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? పరీక్ష అయ్యేలోపు ఆలోచించుకోండి” అన్నాడు డాక్టరు, మంచివాడు. నేనే చెప్తాను అంది. ఎందుకంది? డాక్టరు చెప్తే పాల మాట ఒక్కటే చెప్తాడు. పాపం, ఆయనకి తెలిసింది అంతే.

ఆయనకి తెలియనిదే అసలు సంగతి. దాని దగ్గరికి మనసు పోనంటోంది, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. ముందు సైకిలు. పిల్లకి ఏడేళ్లప్పుడు వాళ్లాయన, ఉత్తరాలు వేరు చేసే ఆఫీసులో పని, ఎవరి దగ్గరో పాత సైకిలొకటి తెచ్చి ఐసు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో దాచాడు. ఆదివారాలు తండ్రీ కూతుళ్లు పుస్తకాలు కొనడానికని వెళ్లేవారు. ఏ పుస్తకాలూ వచ్చేవి కావు. దర్జీదాని కంట్లో దుమ్ము కొట్టాలంటే అంత తేలికా? ఎనిమిదో వారం పిల్ల గౌను అంచు మీద గొలుసు నూనె మరక కనిపించింది. గోరుతో గీకి వాసన చూసింది, మిషను నూనె కాదు. ఆ రోజు ఆమె అరిచిన అరుపులు వీధి చివరికి వినపడ్డాయి. “దాని గుండె ఆగిపోతే తెచ్చిస్తారా? తెచ్చిస్తారా మీరు?” అంది. ఆయన ముఖం పాలిపోయింది. “నాకు తెలీదే, అంత ఉందనుకోలేదు” అన్నాడు. సైకిలు మళ్లీ కనపడలేదు. పిల్ల మూల నిలబడి, “అమ్మా, నేను పడకుండా తొక్కాను, నాన్న వదిలేశాడు కూడా” అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఎవరూ వినిపించుకోలేదు.

తర్వాత ఉత్తరాలు. ఏటా బడి తెరిచిన మొదటి వారంలో డ్రిల్లు మాస్టారికి ఒకటి. మా అమ్మాయికి గుండె బలహీనంగా ఉన్నందున ఆటలనుంచి మినహాయించ ప్రార్థన. మొదటిది వాళ్లాయన రాశాడు, తర్వాతవన్నీ పిల్లే తన చక్కని రాతలో రాసేది, తల్లి సంతకం పెట్టేది. అందరూ ఆడుకుంటుంటే పిల్ల వాళ్ల వాచీలు, చెవి రింగులు, రిబ్బన్లు ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చునేది. పోగొట్టకుండా ఎవరివి వాళ్లకి ఇచ్చేదని మంచి పేరు కూడా తెచ్చుకుంది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కేది. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తేది కాదు, తర్వాతి బస్సుకి వచ్చేది. చుట్టుపక్కలవాళ్లు కంటికి రెప్పలా చూసుకుంటోందని తల్లిని మెచ్చుకునేవాళ్లు. రెప్ప మూసే ఉంచితే కన్నుకి ఏం కనపడుతుందని ఒక్కరూ అనలేదు. అన్నా వినేదా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఎదురు తిరిగేది.

సరే, చెప్పుకోక తప్పదు, తనకి తనైనా. పిల్ల పదకొండో ఏట బడికి ఒక పెద్దాయన వచ్చాడు, పిల్లలందరినీ చూసే డాక్టరు. గుండె బలహీనం అన్న ఉత్తరం చూసి తల్లిని రప్పించాడు. ఆమె చేతికి సుద్దముక్క పొడి అంటుకుని ఉండగానే పరుగున వెళ్లింది. ఆయన పిల్ల ఛాతీ మీద, వీపు మీద చాలాసేపు విన్నాడు. లేచి గెంతమన్నాడు, మళ్లీ విన్నాడు. పిల్లని బయటికి పంపి, “శుభ్రమైన గుండె తల్లీ. గంటలా కొట్టుకుంటోంది. హాయిగా పరిగెత్తనివ్వు” అని, ఆ మాటే చీటీ మీద రాసి ఇచ్చాడు. ఆమె చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుంది. ఇంటికొచ్చి మిషను సొరుగులో బాబిన్ల కింద పడేసింది. పిల్ల ఏమన్నారమ్మా అంటే, జాగ్రత్తగా ఉండమన్నారు అంది. అంత పచ్చి అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చింది నోటికి? రెండు నిమిషాలు విన్నవాడికేం తెలుసు, నలభై ఒక్క రోజులు చూసినదాన్ని నేను, అనుకుంది. అది నిజమే, అలాగే అనుకుంది. కానీ అదొక్కటే కాదు. సాయంత్రాలు పిల్ల మిషను పక్కన పీట మీద కూర్చుని బొత్తాలు అందించేది, దారం ఎక్కించేది, బడి కబుర్లు చెప్పేది. మిగతా ఆడపిల్లల తల్లులు చీకటి పడ్డాక వీధిలోకొచ్చి గొంతు చించుకుని పిలుస్తుంటే ఈమె పిల్ల ఈమె మోకాలికి ఆనుకుని ఉండేది. అది బాగుండేది. అంతే, బాగుండేది. పిల్ల గుండెకి ఏమీ లేదని తెలిస్తే ఆ పీట ఖాళీ అవుతుంది. చీటీ ఎప్పుడు చెత్తలో కలిసిపోయిందో తెలియదు. ఆమె వెతకలేదు.

పట్టీ ఒకసారి ఆగినంత పని చేసి ఆగలేదు. అడుగులు ఇప్పుడు బరువుగా పడుతున్నాయి. పిల్ల ఊపిరి కూడా వినపడుతోందా, లేక అది తన ఊపిరేనా? కూర్చున్న ఒళ్లు కూర్చున్నట్టే పెరిగింది. ఏడాదికోసారి కూతురి బట్టల పక్క కుట్లు విప్పి వదులు చేసేది, లోపల ఎప్పుడూ రెండు వేళ్ల వెడల్పు గుడ్డ ఎక్కువ వదిలేది, అడక్కుండానే. నా కూతురు ఎప్పుడూ బిగుతు బట్ట వేసుకోలేదు అని గొప్పగా చెప్పుకునేది. పటాలు గీసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నిజానికి ఊళ్లు తిరిగి భూమి కొలిచే పనికే పరీక్ష పాసయింది పిల్ల, మంచి మార్కులతో. తల్లే వెళ్లి పెద్ద అధికారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుని కుర్చీ పనికి మార్పించింది. కొలిచినవాళ్లు పొద్దుటంతా తిరిగొచ్చి అంకెలిస్తే పిల్ల వాటితో దారులు గీస్తుంది. ఏ దారి ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ ఎత్తెక్కుతుందో దానికి కంఠతా వచ్చు. అలా అంకెలు తెచ్చేవాళ్లలోనే ఒకడు, సర్వేయరు అబ్బాయి, పొడుగ్గా, ఎండకి కమిలి, నవ్వితే పళ్లు మాత్రం తెల్లగా. మూడుసార్లు ఇంటికొచ్చాడు. నాలుగోసారి వచ్చినప్పుడు ముందు గదిలో పిల్లతో ఏదో మెల్లగా అన్నాడు. వెనక గదిలో ఈమె మిషను మీద ఉంది.

అప్పుడు పిల్ల అన్న మాట ఆమె విన్నది. తలుపు ఓరగా ఉంది, వినకపోయే అవకాశమే లేదు. “నా గుండె మంచిది కాదండీ. మీరు రోజుకి పది మైళ్లు నడిచే మనిషి. మీ వెనక నేను రాలేను. వేరే ఎవర్నైనా చూసుకోండి.” ఏడవకుండా చెప్పింది. ఎవరో కాగితం చదివినట్టు చెప్పింది. అతను ఏదో అన్నాడు, నేనే మెల్లగా నడుస్తాను అన్నాడు కాబోలు, పిల్ల ఒప్పుకోలేదు. ఈమె పాదం మిషను తొక్కుడు మీద ఆగింది. లేచి నాలుగడుగులు వేసి, గుండెకి ఏమీ లేదు బాబూ, నేనే అబద్ధం చెప్పాను, అంటే సరిపోయేది. నాలుగే అడుగులు. అవి వేయడానికి ఏ గుండె అడ్డమొచ్చింది? చెప్తే పదకొండో ఏటినుంచీ చెప్పాలి. పిల్ల ముఖం చూడాలి. ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది, ఎవరిదో స్కూలు బట్టల మడత, తిన్నగా రాలేదు, విప్పి మళ్లీ కుట్టింది. అప్పటికి వాళ్లాయన పోయి రెండేళ్లు. సర్వేయరు అబ్బాయి తర్వాత వేరే ఊరు మార్పించుకున్నాడు. ఇదంతా జరిగి నాలుగేళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఆమె ఆకులు చేతిలో పెట్టుకునే చేతులు కాల్చింది. కాలింది తన చేతులైనా బాగుండేది.

అడుగులు ఆగిపోయాయి. పట్టీ తగ్గి తగ్గి నిట్టూర్చి ఊరుకుంది. చాలా తొందరగా ఆగింది, మూడో మెట్టు రాకుండానే. లోపల కుర్చీ లాగిన చప్పుడు, ఎవరో నీళ్లు పోస్తున్న చప్పుడు. ఆమె లేచి నిలబడింది, కూర్చుంది, మళ్లీ నిలబడింది. చెప్పకపోతే? పాల మాట ఒక్కటీ చెప్పి, నర్సమ్మ మీద తోసేస్తే? తెలియక చేసిందంటే లోకం క్షమిస్తుంది, పిల్ల అయితే అసలు కోప్పడను కూడా కోప్పడదు, పోనీలే అమ్మా అంటుంది. ఆ పోనీలే వినాలని ఎంత ఆశగా ఉందో. తలుపు తెరుచుకుంది.

కూతురు ముఖమంతా ఎర్రబడి ఉంది. నుదుటి మీద, మెడ మీద చెమట కారుతోంది, జుట్టు తడిసి చెంపలకి అంటుకుంది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ ముఖం అలా చెమట పట్టగా ఆమె ఎప్పుడూ చూడలేదు. పిల్ల నవ్వుతోంది. ఊపిరి అందక మధ్యలో ఆగుతూనే నవ్వుతోంది.

“ఐదు నిమిషాల నలభై సెకన్లమ్మా! మధ్యలో పడిపోతాననుకున్నాను. పడలేదు.” కుర్చీలో కూలబడి, తల్లి ఒళ్లోంచి చున్నీ తీసుకుని ముఖం తుడుచుకుంది. “నా గుండెకి అది గొప్పే కదా?”

యాభై ఏళ్లవాళ్లకి కూడా తొమ్మిది నిమిషాలు మామూలని ఆ తీగల అమ్మాయి లోపలికి వెళ్లేముందు చెప్పింది. కూతురి కళ్లలో ఆ గర్వం చూసిన తర్వాత ఆమె ఇంకేమీ ఆలోచించలేకపోయింది. ఆలోచిస్తే చెప్పదని తెలుసు. పిల్ల పక్కన కూర్చుని, ఒళ్లోని చెప్పుల వైపు చూస్తూ చెప్పేసింది. నర్సమ్మ చెంచా, పాలు, తను సగం విన్న మాట. ఆగలేదు, బడికొచ్చిన పెద్దాయన సంగతీ చెప్పింది. చీటీ సంగతీ చెప్పింది. బొత్తాలు అందిస్తుంటే బాగుండేదని కూడా చెప్పింది. సర్వేయరు అబ్బాయి వచ్చిన రోజు వెనక గదిలో విన్నానని చెప్పింది. కొన్ని మాటలు రెండుసార్లు చెప్పింది. కడ్డీ ఆ చివర కాలు ఊపుతున్న మనిషి ఎప్పుడు లేచి వెళ్లాడో, కుర్చీ ఊగడం ఆగిపోయింది.

“అయితే నాకేం లేదా?” అంది కూతురు.

“లేదు తల్లీ.”

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ లేదు.”

ఇప్పుడు తిడుతుందనుకుంది. తిట్టమని లోపల దండం పెట్టుకుంది. సర్వేయరు పేరెత్తుతుంది, ఉద్యోగం పేరెత్తుతుంది, అన్నిటికీ సిద్ధపడి కూర్చుంది, ఈ కాసేపట్లో అన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది కదా. పిల్ల చున్నీ అంచు విడిపోయినచోట వేలు పెట్టి దారం లాగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“నాన్నకి తెలుసా?”

ఆ ఒక్కటే ఆమె తలచుకోలేదు. అన్నీ తడిమింది గానీ పోయిన మనిషి వైపు చూడలేదు. “తెలియదు. ఆయనకీ చెప్పలేదు” అంది.

“నేను నిద్రపోయాననుకుని నాన్న వచ్చేవాడమ్మా. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి వెళ్లేవాడు. చిన్నప్పుడే కాదు, నా చదువైపోయాక కూడా. ఆయన పోయిన ఏడాది కూడా, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చేవాడు. కళ్లు తెరిస్తే కంగారు పడతాడని మూసుకుని పడుకునేదాన్ని.” పిల్ల దారం లాగడం ఆపింది. “ఊపిరి గట్టిగా తీసేదాన్ని, ఆయనకి తెలియాలని.”

ఆమెకి ఆ సంగతి తెలియదు. అదే ఇంట్లో, అదే పక్క మీదనుంచి ఆయన లేచి వెళ్తుంటే నీళ్లకేమో అనుకుంది. కూతురు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది, భుజాలు కదిలిపోతున్నాయి, ఇందాకటి చెమట ఇంకా ఆరలేదు. తల్లి చెయ్యి వీపు మీదికి వెళ్లబోయి గాలిలోనే ఆగింది. గది లోపలినుంచి డాక్టరు పిలిచాడు. పిల్ల ముఖం తుడుచుకుని లేచి, ఒక్కతే లోపలికి వెళ్లింది. తల్లి లేవలేకపోయింది.